భాల్కీ మున్సిపాలిటీ నుంచి బెంగుళూరు అసెంబ్లీకి

ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం. భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

పోయిన నెల మనం కలిసినప్పుడు ఖటక్ చించోళి నుంచి వచ్చిన ఒక తమ్ముడు అడిగిన మాట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "గ్రామ పంచాయతీ మెంబరుగా ఉన్నవాడు ఎమ్మెల్యేకి నిలబడొచ్చా కాకా? ముందు రాజీనామా చెయ్యాలా?" అన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు. "ముందు మీ వీధి మోరీ బాగు చేయించు, తర్వాత బెంగుళూరు పోదువు" అని ఒక పెద్దాయన అననే అన్నారు. ఆ రోజు చాయ్ వచ్చింది, మాట మారింది. తమ్ముడికి జవాబు మాత్రం దొరకలేదు. ఆ బాకీ తీర్చుకోడానికే ఇది రాస్తున్నాం.

ముందు చిన్న జవాబు. రాజీనామా అక్కర్లేదు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాడు నామినేషన్ వెయ్యాలంటే ఆ ఉద్యోగం వదులుకోవాలి. పంచాయతీ మెంబరు జనం ఓటేసి గెలిపించినవాడు, సర్కారు కొలువులో ఉన్నవాడు కాదు. రాజ్యాంగం 191వ అధికరణంలో లాభదాయక పదవి అని ఒక అడ్డు ఉంది గానీ, అది ప్రభుత్వం కింద పదవి పట్టినవాళ్లకు. కాబట్టి నిలబడొచ్చు. గెలిస్తే ఏ కుర్చీ వదలాలన్నది గెలిచాక చూసుకునే లెక్క.

పెద్ద జవాబు కావాలంటే మన తాలూకా చరిత్రలోకే పోవాలి. ఆ తమ్ముడు అడిగిన దారిలో నడిచిన మనిషి ఎక్కడివాడో కాదు, భాల్కీవాడే. పేరు భీమణ్ణ ఖండ్రే. ఇప్పటివాళ్లకు ఆ ఇంటిపేరు వినగానే కొడుకు ఈశ్వర్ ఖండ్రే, మనవడు సాగర్ ఖండ్రే గుర్తొస్తారు. మంత్రి, ఎంపీ. ఆ కథ పేపర్లలో రోజూ వస్తూనే ఉంది, దాన్ని మేము ముట్టుకోం. మేము చెప్పేది ఆ ఇంట్లో పదవి అనేదే లేని కాలం సంగతి.

భీమణ్ణ 1923 జనవరి 8న పుట్టారు. నూరేళ్లు చూసిన మనిషి. ఆయన పుట్టినప్పుడు భాల్కీ నిజాం రాజ్యంలో ఉంది. అప్పటి బీదర్ జిల్లా అంటే ఇప్పటి బీదర్ కాదు. ఉద్గీర్, అహ్మద్‌పూర్, నిలంగా, జహీరాబాద్, నారాయణఖేడ్ అన్నీ అందులోవే. జిల్లాలో పెద్ద భాగం జాగీర్ల కింద, పాయెగాల కింద ఉండేది. మరాఠీ, కన్నడ, ఉర్దూ, తెలుగు నాలుగూ వినిపించేవి. ఏ ఒక్క భాషకూ జిల్లాలో సగం జనం లేరు. మన ఊరి పేరు చూడండి. మరాఠీలో చించ అంటే చింత. చించోళి అనే ఊళ్లు ఈ చుట్టుపక్కల లెక్కలేనన్ని. కలబురగి జిల్లాలో ఒక తాలూకా కేంద్రమే ఉంది. దానితో కలిసిపోకుండా మనకు ముందు 'ఖటక్' ఉంది. పేరు మరాఠీ వాసన, దస్తావేజు ఉర్దూ, బడి కన్నడం, మన ఇళ్లల్లో తెలుగు. ఈ నాలుగు ముక్కల్లో ఏది తీసేసినా మనం మనం కాం.

అప్పుడు బడిలో ఉర్దూ. భాల్కీ హిరేమఠం పట్టద్దేవరు, చన్నబసవ స్వామివారు, బయట ఉర్దూ బోర్డు పెట్టి లోపల కన్నడం చెప్పించారన్న కథ ఆ తాలూకాలో తెలియనివాడు లేడు. తెలుగువాళ్లకు అలాంటి మఠమూ లేదు, బోర్డూ లేదు. ఈ ఫిర్యాదు ఎవరి మీదా కాదు. ఉన్న మాట చెబుతున్నాం.

1948 వచ్చింది. మే నెలలో గోర్టాలో రజాకార్లు ఊరి మీద పడి చంపిన సంగతి మన పెద్దలు గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. రెండు వందల మందికి పైగా అని ఆ ఊరి లెక్క. 2023 మార్చిలో అక్కడ స్మారకం తెరిచారు. అంటే డెబ్భై అయిదేళ్లు పట్టింది. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. విమోచన పోరాటంలో ఉన్న కుర్రవాళ్లలో భీమణ్ణ ఒకరు. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదు.

ఆ మరుసటి అయిదారేళ్లే ఈ కథకు ఆయువుపట్టు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి మొదటి శాసనసభ వచ్చింది, 175 మంది సభ్యులు, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. నిన్నటిదాకా దొర ముందు చెప్పులు చేతిలో పట్టుకున్నవాడికి ఓటు వచ్చింది. 1953లో భాల్కీ పురసభకు ఎన్నికైన మొదటి అధ్యక్షుడు భీమణ్ణ ఖండ్రే. ముప్పై ఏళ్ల వయసు.

పురసభ అధ్యక్షుడంటే ఏముంటుంది? దీపాలు, మోరీలు, తాగునీళ్లు, సంత, పన్ను వసూలు. పోలీసు మాట వినడు, తహసీల్దారు లెక్క చెయ్యడు, ఖజానాలో డబ్బుండదు. జనం మాత్రం నేరుగా ఇంటికే వచ్చి తిడతారు. ఎమ్మెల్యేని తిట్టాలంటే అప్పుడు హైదరాబాద్ దాకా పోవాలి. మున్సిపాలిటీ అధ్యక్షుడిని తిట్టాలంటే గుమ్మం దిగితే చాలు. మా లెక్కలో రాజకీయం నేర్చుకోడానికి అంతకంటే మంచి బడి లేదు.

ఇప్పుడు మనవాళ్లకు నొప్పి పుట్టే చోటికి వస్తున్నాం. 1955 సెప్టెంబరు 30న ఫజల్ అలీ కమిషన్ నివేదిక ఇచ్చింది. హైదరాబాద్ రాష్ట్రాన్ని విడగొట్టమంది. మరాఠీ జిల్లాలు అటు, కన్నడ జిల్లాలు ఇటు. తెలుగు జిల్లాలతో హైదరాబాద్ అనే పేరుతోనే ఒక రాష్ట్రం ఉండాలంది. ఆ రాష్ట్రంలో కలపమన్న జిల్లాల్లో బీదర్ కూడా ఉంది. అవును, మన బీదరే. 1961 ఎన్నికల తర్వాత సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే ఆ రాష్ట్రం ఆంధ్రతో కలవొచ్చు అన్నది తర్వాతి మాట. ఆ నివేదిక ఉన్నదున్నట్టు అమలై ఉంటే ఖటక్ చించోళి వాళ్లం అసెంబ్లీకి హైదరాబాద్ వెళ్లేవాళ్లం.

భాల్కీ, బీదర్ కన్నడ నాయకులు ఒప్పుకోలేదు. బీదర్ కర్ణాటకలోనే ఉండాలని పట్టుబట్టినవాళ్లలో భీమణ్ణ ముందువరుసలో ఉన్నారు. మన పెద్దలు కొందరు ఇప్పటికీ ఆ మాట దగ్గర ముఖం చిన్నబుచ్చుకుంటారు. మేము అలా చూడం. ఆయన భాష కోసం ఆయన నిలబడ్డారు. మన తరఫున నిలబడి అంత గట్టిగా మాట్లాడిన మున్సిపల్ అధ్యక్షుడు మనకు లేడు. తేడా అక్కడుంది.

చివరికి జరిగింది మూడు ముక్కల పంపకం. 1956 నవంబరు 1న అహ్మద్‌పూర్, నిలంగా, ఉద్గీర్ బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. జహీరాబాద్ తాలూకాలో ఒక్క నిర్ణా సర్కిల్ మాత్రం మైసూరులో ఉండిపోయింది. మిగిలిన భాల్కీ, హుమ్నాబాద్, బీదర్, సంత్‌పూర్ మైసూరుకు. చట్టంలో ఈ సర్కిళ్ల పేర్లు చదువుతుంటే అన్నదమ్ములు ఇల్లు పంచుకున్న కాగితం చదివినట్టే ఉంటుంది. ఈ గోడ నీది, ఆ దూలం నాది. పంపకం కాగితంలో ఊళ్ల పేర్లు రాస్తారు, వియ్యంకుల పేర్లు రాయరు. మనలో ఎన్ని ఇళ్లకు నిర్ణాలో కూతురు, న్యాల్‌కల్‌లో కోడలు ఉన్నారో మీకే తెలుసు.

పొద్దున వికారాబాద్–పర్లి లైను మీద రైలెక్కితే సాయంత్రానికి రాజధానిలో పని చూసుకునే మనిషికి అక్కణ్ణుంచి రాజధాని బెంగుళూరు. బీదర్ నుంచి హైదరాబాద్ నూటయాభై కిలోమీటర్ల లోపు. బెంగుళూరు ఏడువందల దాకా. పహాణీ ఉర్దూలో ఉంటే చదివించుకోడానికి ఒక మున్షీ, కన్నడంలోకి మారాక చదివించుకోడానికి మరొకడు. ఇంకో దూరం కూడా ఉంది, అది మ్యాపులో కనిపించదు. పాత మైసూరు వాళ్లకు బీదర్ అంటే ఎక్కడో ఉన్న ఊరు. హైదరాబాద్ కర్ణాటక వెనకబాటు అని అరవై ఏళ్లు మొత్తుకుంటే 2012లో పార్లమెంటు 371-జె అధికరణం చేర్చింది.

సరే, 1962. మైసూరు శాసనసభకు ఎన్నికలు, 208 స్థానాలు. భాల్కీ నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా భీమణ్ణ ఖండ్రే నిలబడి గెలిచారు. మున్సిపాలిటీ కుర్చీ నుంచి శాసనసభ కుర్చీకి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లను మేము మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటున్నాం. మన తమ్ముళ్లకు తొమ్మిది నెలల ఓపిక కూడా ఉండటం లేదు మరి.

ఆ ఎన్నిక ఇప్పటి ఎన్నికలా లేదు. 1952లో, 1957లో అభ్యర్థికో పెట్టె ఉండేది. ఓటరు చీటీ తీసుకుని తెర వెనక్కి పోయి తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసేవాడు. 1962లో దేశంలో దాదాపు అంతటా చీటీ మీద పేర్లు, గుర్తులు అచ్చేసి, నచ్చినదాని ముందు ముద్ర వేసే పద్ధతి వచ్చింది. చదువు రాని ఊళ్లో ఇది చిన్న మార్పు కాదు. కాంగ్రెస్ గుర్తు అప్పుడు కాడి కట్టిన జోడెద్దులు. జొన్న, కంది పండించే తాలూకాలో ఆ బొమ్మను ఎవరికీ వివరించక్కర్లేదు. వేలికి పెట్టే చెరగని సిరా మైసూరులో తయారై మొదటిసారి ఆ ఎన్నికల్లోనే వాడారు. ఇప్పటికీ దేశమంతా అక్కడిదే. ఓటు వయసు 21. అభ్యర్థి డిపాజిట్టు 250 రూపాయలు. ఇప్పుడది పదివేలు, ఎస్సీ, ఎస్టీలకు అయిదువేలు.

ఇక్కడ ఒక తమాషా చట్టం సంగతి చెప్పాలి. ప్రభుత్వోద్యోగుల సాయం తీసుకుని గెలిస్తే ఎన్నిక కొట్టేస్తారు కదా. ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఆ ఉద్యోగుల జాబితా ఉంది: గెజిటెడ్ అధికారులు, జడ్జీలు, సైన్యం, పోలీసులు, రెవెన్యూ అధికారులు. రెవెన్యూ దగ్గరికి వచ్చేసరికి ఒక మినహాయింపు పెట్టారు. శిస్తు వసూలు చేసి అందులో వాటా తీసుకునే గ్రామ పటేళ్లు, దేశ్‌ముఖులు లాంటివాళ్లు ఈ లెక్కలోకి రారు, వాళ్లకు పోలీసు పని లేకపోతే. మన వైపు మాలీ పటేల్ వేరు, పోలీస్ పటేల్ వేరు అని పెద్దలకు తెలుసు. అంటే ఊళ్లో శిస్తు చూసే పటేల్ అభ్యర్థి వెనక తిరగొచ్చు, పోలీసు పటేల్ తిరిగితే నేరం! ఒకే ఇంట్లో అన్న మాలీ పటేల్, తమ్ముడు పోలీసు పటేల్ అయితే ఆ ఇంటి అరుగు మీద ప్రచారం ఎలా జరిగేదో మీరే ఊహించుకోండి. మైసూరులో గ్రామ పదవుల రద్దు చట్టం 1961లో చేసి 1963 ఫిబ్రవరి నుంచి అమలు చేశారు. కాబట్టి 1962 ఎన్నిక పటేళ్లు వంశపారంపర్యంగా కూర్చున్న చివరి ఎన్నిక. సరిహద్దు అవతల మన చుట్టాల ఊళ్లలో ఆ పని 1984లో ఎన్టీ రామారావు చేసేదాకా కాలేదు. ఇరవై ఏళ్ల తేడా. హైదరాబాద్‌లో ఉండిపోతే అన్నీ బాగుండేవి అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి పక్కన పెట్టుకోవాలి.

ఆ ఎన్నికల్లో ఇంకో విచిత్రం. కాంగ్రెస్ రాష్ట్రంలో గెలిచింది గానీ, ఎస్. నిజలింగప్ప అంతటివాడు హొసదుర్గలో ఓడిపోయాడు. ఆయన మళ్లీ సభలోకి వచ్చేదాకా మూడు నెలల పైచిలుకు ఎస్.ఆర్. కంఠి ముఖ్యమంత్రిగా ఉన్నారు. రాష్ట్ర నాయకుడు ఓడినచోట ఒక చిన్న పట్టణం మున్సిపల్ అధ్యక్షుడు గెలిచాడంటే, మాకు అర్థమయ్యేది ఒకటే. జనానికి తెలిసిన ముఖం కావాలి. నచ్చకపోయినా తెలిసి ఉండాలి.

తర్వాతి కథ క్లుప్తంగా. భీమణ్ణ నాలుగుసార్లు ఎమ్మెల్యే, విధాన పరిషత్తు సభ్యుడు కూడా, వీరప్ప మొయిలీ మంత్రివర్గంలో రవాణా మంత్రి. బీదర్ జిల్లాలో సహకార చక్కెర ఫ్యాక్టరీల మాట వస్తే ఆయన పేరు వస్తుంది. చెరకు రైతుకూ ఫ్యాక్టరీకీ మధ్య ఉన్న బంధం ఓటుకూ నాయకుడికీ మధ్య ఉన్న బంధం లాంటిదే, బకాయిలతో సహా. కారంజా నది మీద బ్యాలహళ్లి దగ్గర డ్యామ్ వచ్చింది. నీళ్లు వచ్చినవాళ్లు ఒకరు, భూమి మునిగినవాళ్లు ఇంకొకరు. మునిగినవాళ్లు పరిహారం కోసం ఇప్పటికీ ధర్నాలు చేస్తూనే ఉన్నారు. ఒక మనిషి గొప్ప చెప్పేటప్పుడు ఇదీ చెప్పుకోవాలి.

ఇప్పుడు గోడకు అవతలి వైపు చూద్దాం. 1959లో రెండు రాష్ట్రాలూ పంచాయతీల చట్టాలు చేశాయి. మైసూరులో పంచాయతీ, దానిపైన తాలూకా బోర్డు. జిల్లా స్థాయిలో పరిషత్తు ఉంది గానీ అసలు పట్టు తాలూకా బోర్డుదే. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితి, జిల్లా పరిషత్. మనకు మండల పంచాయతీలు, జిల్లా పరిషత్తులు గట్టిగా వచ్చింది రామకృష్ణ హెగ్డే కాలంలో, అబ్దుల్ నజీర్ సాబ్ పుణ్యమా అని. 1983 చట్టం, 1987లో ఎన్నికలు. ఊళ్లల్లో బోర్లు వేయించి నీళ్ల సాబ్ అని పేరు తెచ్చుకున్న మంత్రి ఆయన.

అవతలివైపు దగ్గరి ఉదాహరణ కొడంగల్. అదీ మనలాంటిదే, 1956 దాకా గుల్బర్గా జిల్లాలో తాలూకా. మనం ఇటు మిగిలితే అది అటు పోయింది. ఇప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2006లో మిడ్జిల్ నుంచి స్వతంత్రంగా జడ్పీటీసీ గెలిచారు. ఆ తర్వాత స్థానిక సంస్థల నుంచి ఎమ్మెల్సీ, 2009లో కొడంగల్ ఎమ్మెల్యే. పార్టీల సంగతి పక్కనపెట్టండి, మన సంఘంలో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు. మెట్లు చూడండి. మండలం, జిల్లా, పరిషత్తు, సభ.

ఆ స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికలో ఒక తేడా ఉంది, మన తమ్ముడికి పనికొస్తుంది. కర్ణాటకలో గ్రామ పంచాయతీ మెంబరుకు అందులో ఓటుంది. తెలంగాణలో సర్పంచికి, వార్డు మెంబరుకు లేదు, ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్ కౌన్సిలర్లకే. అంటే ఖటక్ చించోళి పంచాయతీలో కూర్చున్న మెంబరు బెంగుళూరు ఎగువ సభకు ఎవరు పోవాలో చెబుతాడు. జహీరాబాద్ పక్క ఊళ్లో సర్పంచి చెప్పలేడు. ఆ ఎన్నికలొచ్చినప్పుడు పెద్ద పెద్ద నాయకులు వార్డు మెంబరు ఇంటికి కార్లేసుకుని ఎందుకొస్తారో ఇప్పుడు తెలిసిందా? తమ్ముడూ, వాళ్లొచ్చినప్పుడు చాయ్ ఇచ్చి పంపెయ్యకు. నీ ఓటు ఎంతదో తెలుసుకుని మాట్లాడు.

అసెంబ్లీకి నిలబడటానికి కావలసినవి నాలుగు మాటల్లో చెబుతాం. వయసు 25 నిండాలి, పంచాయతీకి 21 చాలు. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. ఖర్చు పరిమితి 40 లక్షలు. కాగితం మీద పరిమితి అది, అసలు ఖర్చు మీకు మేము చెప్పేదేమీ లేదు. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కనుక, పంచాయతీలో ఎన్నిసార్లు గెలిచినా బి-ఫారం కోసం మొదటిసారి క్యూలో నిలబడినవాడు కొత్తవాడే.

ఇంకొకటుంది, చదువుతున్న మనందరికీ తగిలేది. శాసనసభకు నిలబడాలంటే ఆ రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. మనవాళ్లు పనికోసం జహీరాబాద్ పోయారు, పటాన్‌చెరు పోయారు, హైదరాబాద్ పోయారు. పిల్లల చదువు, రేషన్ కార్డు అంటూ ఓటు కూడా మార్చుకున్నారు. పండక్కి ఊరొస్తారు, దేవుడికి కొబ్బరికాయ కొడతారు, రోడ్డు బాగాలేదని తిడతారు. ఓటు మాత్రం అక్కడ. ఊళ్లో మన ఇళ్లు ఎన్ని ఉన్నా జాబితాలో మన పేర్లు తగ్గిపోతున్నాయి. బీదర్ జిల్లాలో ఆరు అసెంబ్లీ స్థానాలున్నాయి, ఔరాద్ ఎస్సీ రిజర్వుడు. ఆ ఆరింటిలో మన మాట ఎక్కడన్నా లెక్కకు రావాలంటే ముందు జాబితాలో పేరుండాలి. 1955లో మన తరఫున మాట్లాడేవాడు లేడని పైన బాధపడ్డాం కదా. ఇప్పుడు మాట్లాడతానని ఒకడు లేచి నిలబడితే, ఓటెయ్యడానికి మనం అక్కడ లేకపోతే ఎలా?

మేము పోయిన ఆదివారం ఆ తమ్ముడికి ఫోన్ చేసి అడిగాం, నీ ఓటు ఎక్కడుందని. ఖటక్ చించోళిలోనే ఉందన్నాడు. మరి మీ అన్నదమ్ములవి? కాసేపు పలకలేదు. ఒకడిది సంగారెడ్డిలో, ఇద్దరివి హైదరాబాద్‌లో అన్నాడు. మీ నాన్నది? "నాన్న పోయిన ఏడాది మార్చుకున్నాడు కాకా, అన్న దగ్గర ఉంటున్నాడు కదా" అన్నాడు.

వచ్చే సమావేశానికి అందరూ ఓటరు కార్డు తెచ్చుకోండి. ఎవరిది ఎక్కడుందో కూర్చుని రాసుకుందాం.